రూములోని కంప్యూటర్‌కు వార్మ్ సోకకుండా జాగ్రత్తలు, సోకితే తొలగించే విధానం

గల్ఫ్ దేశాల్లో పనిచేసే మనవాళ్లు రూములో నలుగురైదుగురు కలిసి ఒకే కంప్యూటర్ వాడుకోవడం మామూలే. ఇంటికి వీడియో కాల్ చేయడం, బ్యాంకు ఖాతా చూసుకోవడం అందులోనే. పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు కాగితాల స్కాన్ కాపీలు ఉండేదీ అందులోనే. అలాంటి కంప్యూటర్‌కు వార్మ్ సోకితే నష్టం ఒక్కరికి కాదు, రూములో అందరికీ. కాబట్టి ఈ పాఠాన్ని అందరూ కలిసి చదువుకోండి.

వార్మ్ అంటే ఏమిటి?

వార్మ్ అంటే పురుగు. వైరస్ సాధారణంగా ఏదో ఒక ఫైలును అంటిపెట్టుకుని, ఆ ఫైలు తెరిచినప్పుడు పని మొదలుపెడుతుంది. వార్మ్‌కు ఆ ఆసరా అక్కరలేదు. నెట్‌వర్కు ద్వారా తనంతట తానే పక్క కంప్యూటర్‌లోకి పాకగలదు. 2003 ఆగస్టులో వచ్చిన బ్లాస్టర్ వార్మ్ ఇలాంటిదే. దాని దెబ్బకు విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్లు, మనం ఏమీ నొక్కకపోయినా, వాటంతట అవే ఆగి మళ్లీ స్టార్ట్ అయ్యేవి. దాన్ని అడ్డుకునే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది జూలైలోనే ఇచ్చింది. 2017 మే నెలలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగిన వాన్నాక్రై విషయంలోనూ అంతే, అప్పట్లో సపోర్టు ఉన్న విండోస్‌లకు అప్‌డేట్ మార్చిలోనే వచ్చింది. వేసుకోనివాళ్లు నష్టపోయారు.

సోకకుండా ఏం చేయాలి?

1. విండోస్ అప్‌డేట్‌ను ఆపవద్దు. నెట్ ప్యాకేజీ అయిపోతుందని చాలామంది ఆపేస్తారు. అది తలుపు తీసిపెట్టి పడుకోవడమే. విండోస్ 7కు 2020 జనవరి 14తోనూ, విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తోనూ మామూలు సపోర్టు ముగిసింది. పాత కంప్యూటర్ కొనేముందు ఈ సంగతి అడిగి తెలుసుకోండి.

2. ఫైర్‌వాల్ ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి.

3. పెన్‌డ్రైవ్‌తో జాగ్రత్త. 2008లో బయటపడిన కాన్ఫికర్ వార్మ్ నెట్‌వర్కుతో పాటు పెన్‌డ్రైవ్‌ల ద్వారా కూడా వ్యాపించింది. జిరాక్స్ షాపుకు తీసుకెళ్లి తెచ్చిన పెన్‌డ్రైవ్‌ను ముందు స్కాన్ చేసి, తర్వాతే తెరవండి. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారి కనిపిస్తే వాటిని నొక్కవద్దు. అసలు ఫైళ్లు చాలాసార్లు పోవు, దాగి ఉంటాయంతే.

4. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్, ఉచిత సినిమాల పేరుతో వచ్చే ప్రోగ్రాములు వేసుకోవద్దు.

5. రోజువారీ వాడకానికి అడ్మినిస్ట్రేటర్ కాని మామూలు అకౌంటు పెట్టుకోండి. రూములో ఎవరి అకౌంటు వారికి విడిగా ఉంటే మరీ మంచిది.

సోకిందని అనుమానం వస్తే

కంప్యూటర్ ఉన్నట్టుండి నెమ్మదించడం, యాంటీవైరస్ తెరుచుకోకపోవడం, మీరు పంపని మెసేజీలు మీ పేరున స్నేహితులకు వెళ్లడం అనుమానించదగ్గ గుర్తులు. అప్పుడు ఈ వరుసలో చేయండి.

మొదట వైఫై ఆపండి, కేబుల్ ఉంటే తీసేయండి. ఆ కంప్యూటర్‌లో బ్యాంకు సైటు తెరవకండి. శుభ్రంగా ఉన్న ఫోన్ నుండి బ్యాంకు, ఈమెయిల్ పాస్‌వర్డులు మార్చండి. పురుగు ఉన్న కంప్యూటర్‌లోనే మార్చితే కొత్త పాస్‌వర్డు కూడా దొంగ చేతికి పోవచ్చు.

తర్వాత విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో స్కాన్ ఆప్షన్స్‌కు వెళ్లండి. అక్కడ మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకోండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా లేవకముందే స్కాన్ జరుగుతుంది. అందువల్ల దాక్కున్న పురుగు కూడా దొరికే అవకాశం ఎక్కువ. అది అయ్యాక ఫుల్ స్కాన్ చేయండి. ఫైర్‌వాల్ ఆన్‌లో ఉందని చూసుకుని, నెట్ కలిపి, వెంటనే అప్‌డేట్లు వేయండి. ఆ తర్వాత మళ్లీ ఒకసారి స్కాన్ చేయండి.

అదే వైఫై వాడే మిగతా కంప్యూటర్లనూ, పెన్‌డ్రైవ్‌లనూ శుభ్రం చేయాలి. ఒక్కటి వదిలేసినా పురుగు తిరిగి వస్తుంది. ఎంత చేసినా పోకపోతే ఫోటోలు, కాగితాలు మాత్రం కాపీ చేసుకుని విండోస్‌ను కొత్తగా వేయించండి. ఆ కాపీలను కూడా స్కాన్ చేశాకే తిరిగి వాడండి.

కంపెనీ కంప్యూటర్ అయితే మీరు చేయి పెట్టవద్దు. వెంటనే సూపర్‌వైజర్‌కు చెప్పండి. దాచితే తప్పు మీ మీదకు రావచ్చు.

మోసాలతో జాగ్రత్త

“మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, ఈ నంబరుకు ఫోన్ చేయండి” అని తెర మీద కనిపిస్తే నమ్మవద్దు. ఎవరికీ ఓటీపీ చెప్పవద్దు, రాయబార కార్యాలయం పేరు చెప్పి అడిగినా సరే. ఇండియాలోని ఖాతా నుండి డబ్బు పోతే ఒక్క గంట కూడా ఆలస్యం చేయకుండా బ్యాంకుకు చెప్పండి. ఊళ్లో ఉన్న ఇంటివాళ్లు 1930 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు.

పాస్‌పోర్టు, కాంట్రాక్టు కాపీలు ఒక సెట్టు ఇంటికి కూడా పంపి ఉంచండి. కంప్యూటర్ పాడైతే మరొకటి కొనుక్కోవచ్చు. అవసరమైన రోజున కాగితం చేతిలో లేకపోతే పడే ఇబ్బంది చాలా పెద్దది.