ఆయిల్ ఎక్కడ కారుతోందో చెప్పగలిగిన కుర్రాడికి పని ఉంది

పదో తరగతి ఫలితాలొచ్చాక విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు తల్లిదండ్రులు మాలాంటి కౌన్సెలర్లను అడిగే ప్రశ్న ఒకటుంది: "మావాడికి ఇంజన్లంటే పిచ్చి సార్, మర్చంట్ నేవీలో వేసేద్దామా?" పిల్లాడు స్పానర్ పట్టుకుంటే చాలు, ఇంట్లోవాళ్లకు తెల్ల యూనిఫాం, డాలర్ జీతం కనిపిస్తాయి. అదే ఒడ్డున బోటు మోటార్లు బాగుచేసే మనిషి మాత్రం కంటికి ఆనడు. "ఇంత చదివించి మెకానిక్కుని చేస్తామా?" అంటారు. ఎందుకు చేయకూడదో సరైన కారణం ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

ఆ మెకానిక్ చేసే పని ఎలాంటిదో ఒక్కసారి చూడండి. ఔట్‌బోర్డ్ మోటారు అంటే బోటు వెనక చెక్కకు బిగించేది. ఇంజన్ పైన, గేర్లు, ప్రొపెల్లర్ కింద నీళ్లలో. యజమాని వచ్చి "ఆయిల్ కారుతోంది" అంటాడు. అంతకుమించి ఏమీ చెప్పడు. తొందరపాటు మెకానిక్ వెంటనే విప్పి, సీళ్లన్నీ మార్చి, బిల్లు వేస్తాడు. వారం తిరక్కుండా మరక మళ్లీ వస్తుంది.

పని తెలిసినవాడు ముందు ఏ ఆయిలో తేల్చుకుంటాడు. టూ స్ట్రోక్ మోటారులో ఆయిల్ పెట్రోలుతో కలిసి కాలాలి. ఎక్కువసేపు నెమ్మదిగా నడిపితే కాలని ఆయిల్ ఎగ్జాస్ట్ దారిన ప్రొపెల్లర్ దగ్గరికి చేరి, నీటిమీద రంగుల తెట్టు కడుతుంది. అది లీకే కాదు, మార్చాల్సిన పార్టూ లేదు. ఫోర్ స్ట్రోక్ అయితే లెక్క వేరు. ఆయిల్ మోతాదు మించిందా, ఫిల్టర్ మార్చినప్పుడు పాత రబ్బరు రింగు అక్కడే అతుక్కుపోయిందా, మోటారును బండిలో తెచ్చేటప్పుడు పడుకోబెట్టకూడని వైపు పడుకోబెట్టారా? ఈ చివరి ప్రశ్న వేయడం మరిచిపోయి ఇంజన్ మొత్తం విప్పేసేవాళ్లున్నారు. పెద్ద మోటార్లను పైకెత్తే హైడ్రాలిక్ ఆయిల్ మరొకటి. అది బోటు చెక్క దగ్గర బ్రాకెట్ నుంచి కారుతుంది.

ఇక గేర్ ఆయిల్. మన దగ్గర వల దారాలు ప్రొపెల్లర్ వెనక షాఫ్టుకు చుట్టుకుని సీలును కోసేస్తాయి. ఆయిల్ బయటికి పోయిన దారినే ఉప్పునీళ్లు లోపలికొస్తాయి. కింది ప్లగ్గు విప్పినప్పుడు ముందు నీళ్లొచ్చినా, ఆయిల్ పాలు కలిపిన టీలా ఉన్నా అనుమానం తీరినట్టే. ప్లగ్గు అయస్కాంతానికి ఇనప రజను ఎక్కువగా పట్టి ఉంటే గేర్లు అరుగుతున్నాయన్నమాట. సీలు ఏదో తేలకపోతే ఆయిల్ తీసేసి చేతిపంపుతో గాలి ఎక్కించి సబ్బునీళ్లు పూస్తారు. బుడగ ఎక్కడ లేస్తే లీకు అక్కడ. గాలి మాన్యువల్‌లో చెప్పినంతే ఎక్కించాలి, మించితే బాగున్న సీలూ పాడవుతుంది. చాలాసార్లు దోషం పావలా విలువ చేయని ప్లగ్గు వాషర్‌ది, ఆయిల్ మార్చినప్పుడు కొత్తది వేయకపోవడం వల్ల. వీటన్నిటికన్నా ముందు చేయాల్సింది మోటారును శుభ్రంగా తుడిచి, ఆరబెట్టి, కాసేపు నడిపి, తడి మొదలైన అన్నిటికంటే పైచోటు వెతకడం. ఆయిల్ కిందికి జారుతుంది కాబట్టి మరక ఉన్నచోటే లీకు ఉండాలని లేదు.

ఇంత ఓపికగా వెతికే పిల్లాడు ఇంట్లో ఉంటే అదృష్టమే. ఆ ఓపికను ఏ కోచింగ్ సెంటరూ అమ్మదు.

ఓడ ఉద్యోగాలు చెడ్డవని కాదు. మెరైన్ ఇంజినీరింగ్ డిగ్రీకి ఇంటర్ ఎంపీసీలో 60 శాతం, ఆపైన ఐఎంయూ సెట్ ప్రవేశ పరీక్షలో ర్యాంకు కావాలి. లెక్కలంటే వణికే పిల్లాణ్ని "ఇంజన్లు ఇష్టం కదా" అని రెండేళ్లు రెసిడెన్షియల్ కాలేజీలో పడేసి, తర్వాత లాంగ్ టర్మ్ కోచింగ్‌లో కూర్చోబెడితే ఆ ఇష్టం కూడా చస్తుంది. పైగా వర్ణాంధత్వం ఉంటే ఓడ ఇంజన్ పనికి అసలు తీసుకోరు. లక్షలు కట్టాక వైద్య పరీక్షలో ఆ సంగతి తెలిసి ఏడ్చే కుటుంబాలున్నాయి. ముందు కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

ఏజెంట్ల విషయం మరీ ఘోరం. "ఆరు నెలల కోర్సు, ఓడ గ్యారంటీ" అని ఫ్లెక్సీ కట్టినవాడికి పొలం అమ్మి డబ్బు కట్టకండి. ఆ సంస్థకు డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ అనుమతి ఉందో లేదో వాళ్ల వెబ్‌సైట్‌లోనే చూడొచ్చు. నియామక ఏజెన్సీకీ లైసెన్సు ఉండాలి. ఉద్యోగం ఇప్పించినందుకు అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకోవడం చట్టవిరుద్ధం. ట్రైనింగ్ ఫీజుకు రసీదు ఇస్తారు, "సీటు ఖర్చు"కు ఇవ్వరు. రసీదు అడగండి, మనిషి రంగు బయటపడుతుంది.

చేతులతో నేర్చుకునే పిల్లలకు నా ఓటు విశాఖలోని సిఫ్‌నెట్‌కు. కేంద్ర ప్రభుత్వ మత్స్య శిక్షణ సంస్థ ఇది, 1963లో కొచ్చిలో మొదలైంది, విశాఖ యూనిట్ 1981లో వచ్చింది. పదో తరగతి తర్వాత రెండేళ్ల మెరైన్ ఫిట్టర్ కోర్సు ఉంది. లెక్కల్లో, సైన్సులో మార్కులు చూస్తారు. అక్కడ సీటు రాకపోతే ఐటీఐలో మెకానిక్ డీజిల్ చేసి, అప్రెంటిస్‌షిప్‌లో చేరొచ్చు. ఐటీఐ అనగానే ముఖం చిట్లించే తండ్రులతో వాదించే ఓపిక నాకిప్పుడు లేదు.

పని చేపల బోట్లతోనే ఆగిపోదు. వరదల్లో తిరిగే విపత్తు దళాల రబ్బరు బోట్లకూ, హుస్సేన్ సాగర్ స్పీడ్ బోట్లకూ మోటార్లు ఉంటాయి, వాటికీ సీళ్లు పోతాయి. అయితే ఈ పనిలో రాబడి సీజన్‌తో పాటు ఎక్కుతుంది, దిగుతుంది. నడుం నొప్పి, పెట్రోలు వాసన తప్పవు. వలలకు, ఇంటికి అప్పున్న యజమాని రిపేరు డబ్బు ఆలస్యంగా ఇస్తాడు. ఇవి కూడా చెప్పాకే పిల్లాణ్ని పంపండి.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్ల వేట నిషేధం. బోట్లు ఒడ్డున ఉంటాయి, మోటార్లు షెడ్లకు చేరతాయి. పదో తరగతి పిల్లలకు సెలవులూ అప్పుడే. మీకు తెలిసిన మెకానిక్‌ని అడిగి ఓ పది రోజులు షెడ్డులో పక్కన కూర్చోబెట్టండి, పని చేయించడానికి కాదు, చూడటానికి. మూడో రోజే విసుగొచ్చి ఇంటికొచ్చేస్తే అదీ మంచిదే, ఏ ఫీజూ కట్టకముందే తెలిసింది. సాయంత్రం ఇంటికొచ్చి ఏ సీలు ఎందుకు పోయిందో మీకే వివరిస్తుంటే, మర్నాడే సిఫ్‌నెట్ ప్రవేశ ప్రకటన ఎప్పుడొస్తుందో కనుక్కోండి.