ప్లాస్టిక్ పిన్ను విరగకుండా తీయడం ఎలా?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు కథ రాయాలా, కవిత రాయాలా అని ఆలోచించాను. ఆ రెండూ నాకు రావు. నాకు వచ్చింది బండ్ల రిపేరు. అందుకే, పని నేర్చుకునే రోజుల్లో నన్ను ఏడిపించిన ఒక చిన్న వస్తువు గురించి పాఠంలా రాస్తున్నాను. అది మోటారు సైకిల్ ఫెయిరింగుకు ఉండే ప్లాస్టిక్ పిన్ను.

ఐ.టి.ఐ. అయ్యాక ఒక షెడ్డులో పనికి కుదిరాను. ఒకరోజు ఫెయిరింగ్ ఉన్న బండి వచ్చింది. మేస్త్రీ పక్క కవరు విప్పమన్నాడు. స్క్రూలన్నీ తీశాను. రెండు మూడు నల్లటి గుండ్రటి బిళ్ళలు మిగిలాయి. స్క్రూడ్రైవర్ పెట్టి బలంగా ఎత్తాను. బిళ్ళ రాలేదు గానీ కవరు చెవి టప్పుమని విరిగింది. కొత్త కవరు డబ్బులు మేస్త్రీ తన జేబులోంచి కట్టాడు. నన్ను తిట్టలేదు. "ఒరేయ్, అది గుంజితే వచ్చేది కాదురా, నొక్కితే వచ్చేది" అని నా చేతిలో ఒక పిన్ను పెట్టాడు. ఆ మాటే ఈ పాఠం.

పిన్ను లోపల ఏముంది?

2003లో హీరో హోండా కరిజ్మా సగం ఫెయిరింగుతోనూ, 2008లో యమహా ఆర్15 నిండు ఫెయిరింగుతోనూ మన దేశంలో అమ్మకానికి వచ్చాయి. ఇలాంటి బండ్లలో బరువు మోసే చోట బోల్టులు ఉంటాయి. ఒక కవరును ఇంకో కవరుతో కలిపే చోట చాలావరకు ఈ పిన్నులు ఉంటాయి. యమహా మాన్యువల్లో వీటిని క్విక్ ఫాస్టెనర్లు అంటారు.

పిన్నులో రెండు భాగాలు. బయటిది కాళ్ళున్న గొట్టం. మధ్యలోది చిన్న మేకు. మేకును తల మట్టానికి నొక్కితే దాని లావు భాగం కాళ్ళను వెడల్పు చేస్తుంది. అప్పుడు ఆ కాళ్ళు రంధ్రంలోంచి వెనక్కి రాలేవు. అంటే తాళం మధ్యలో ఉంది. తాళం తీయకుండా తలుపు గుంజితే తలుపే విరుగుతుంది. నేను చేసింది అదే.

మూడు రకాలు, మూడు పద్ధతులు

ముందు చూడండి, తర్వాతే చెయ్యి పెట్టండి.

1. నొక్కే రకం: మధ్య మేకు తలతో సమానంగా ఉంటుంది. సన్నని మొండి మొనతో మేకును రెండు మూడు మిల్లీమీటర్లు, టిక్కుమనే వరకు, లోపలికి నొక్కాలి. కాళ్ళు దగ్గరకు ముడుచుకుంటాయి. తర్వాత బిళ్ళను గోటితో పట్టి లాగితే వచ్చేస్తుంది. ఎక్కువ నొక్కితే మేకు కవరు వెనక పడిపోతుంది.

2. ఎత్తే రకం: మధ్య తల అంచున చిన్న గాడి ఉంటుంది. ఆ గాడిలో చదును స్క్రూడ్రైవర్ పెట్టి ముందు మేకును మాత్రమే పైకి లేపాలి. తర్వాత మొత్తం పిన్ను తీయాలి.

3. తిప్పే రకం: తల మీద ప్లస్ గుర్తు ఉంటుంది. స్టార్ స్క్రూడ్రైవర్‌తో నెమ్మదిగా తిప్పితే మేకు పైకి వస్తుంది. గట్టిగా అదిమి తిప్పితే గుర్తు అరిగిపోతుంది.

ఏ రకమైనా ముందు సబ్బు నీళ్ళు, పాత టూత్ బ్రష్షుతో మట్టి కడగండి. చాలాసార్లు పిన్ను కదలకపోవడానికి కారణం ఇసుకే. పెట్రోలు మాత్రం వాడొద్దు. చాలా కవర్లు ఏబీఎస్ ప్లాస్టిక్‌తో చేస్తారు. దానికి పెట్రోలు తగిలితే పగుళ్ళు రావచ్చు.

మళ్ళీ వాడడం

తీసిన పిన్నులను డబ్బాలో కలిపి వేయకండి. అట్టముక్క మీద కవరు బొమ్మ గీసి, ఏ రంధ్రంలోది ఆ చోట గుచ్చండి. పొడవు, లావు తేడాలుంటాయి. 6 మిల్లీమీటర్ల రంధ్రంలో 8 మిల్లీమీటర్ల పిన్ను కుక్కితే కవరు చీలుతుంది. 8 రంధ్రంలో 6 పెడితే దారిలో రాలిపోతుంది.

నొక్కే రకాన్ని మళ్ళీ పెట్టేముందు మేకును కింది నుంచి తోసి, తల పైకి పొడుచుకు వచ్చేలా చేయాలి. కొత్తవాళ్ళు మరిచిపోయేది ఇదే. తర్వాత కవర్ల రంధ్రాలు ఒకదానికొకటి సరిగ్గా కలిపి, గొట్టాన్ని చేత్తో దూర్చి, మేకును తల మట్టానికి నొక్కాలి. సమానం కాగానే ఆపాలి. ఇంకా నొక్కితే మళ్ళీ ఊడుతుంది. మిగతా రెండు రకాలకు మేకు పైకి ఉండగానే గొట్టం దూర్చి, తర్వాత మేకు నొక్కితే చాలు.

కాలు విరిగినా, మడత దగ్గర తెల్లగా మారినా, మేకు వదులై దానంతటదే జారినా ఆ పిన్ను పనికిరాదు. కొత్తది కొద్ది రూపాయలకే దొరుకుతుంది. బైండింగ్ వైరు కట్టి పంపకండి. అది రంధ్రాన్ని కోసేస్తుంది. బోల్టు ఉండాల్సిన చోట పిన్ను అసలే పెట్టకండి.

చివరి పరీక్ష

పని అయ్యాక కవరును చేత్తో ఊపి చూడండి. లొడలొడ శబ్దం రాకూడదు. హ్యాండిల్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పండి. కవరు చక్రానికి గానీ, వైర్లకు గానీ తగలకూడదు. ఊడిన కింది కవరు నడిచే బండి ముందు చక్రానికి అడ్డుపడితే పోయేది పిన్ను కాదు, మనిషి. ఆ బండి మీద ఎవరి తండ్రో, ఎవరి అన్నో ఇంటికి వెళుతుంటాడు.

తమ్ముళ్ళూ, ఏదైనా షెడ్డు దగ్గర పాత పిన్ను ఒకటి అడిగి తెచ్చుకుని పదిసార్లు తెరిచి మూయండి. కళ్ళు మూసుకుని కూడా చేయగలిగితే పాఠం వచ్చినట్టే. మెకానిక్ పని తక్కువ పని అని ఎవరైనా అంటే చిన్నబోకండి. మార్కులు తక్కువ వచ్చిన రోజున నేనూ అలాగే అనుకున్నాను. బలం అందరికీ ఉంటుంది. ఎక్కడ నొక్కాలో తెలిసినవాడికే షెడ్డులో విలువ. నా దగ్గర ఇప్పుడు ఇద్దరు కుర్రాళ్ళు పని నేర్చుకుంటున్నారు. మొదటి రోజున వాళ్ళ చేతిలో నేను పెట్టింది కూడా పిన్నే.



— ఒక పూర్వ విద్యార్థి, మోటారు సైకిల్ మెకానిక్