లెర్విక్‌లో ఊలు కొనేముందు

సింధూ,

సెప్టెంబరు ఆఖర్లో ఊల్ వీక్ అనే ఊలు పండగకి షెట్లాండ్ దీవులకి వెళ్తున్నానని, ఏ ఊలు కొనాలో చెప్పమని రాశావు. ఎడిన్‌బరోలో చదువుకుంటూ నువ్వు సూదులు పట్టావంటే నాకెంత సంతోషంగా ఉందో! అబర్దీన్‌లో ఉన్నన్నాళ్ళూ మీ పెదనాన్న చమురు రిగ్గు మీదకి డ్యూటీకి వెళ్ళినప్పుడల్లా నాకు తోడు ఆ ఊలే. అందుకే ఫోన్లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోబుద్ధి కాలేదు.

ఏం అల్లబోతున్నావో బయల్దేరకముందే తేల్చుకో. కొట్లో అడుగుపెట్టాక చూద్దాంలే అనుకుంటే కుదరదు. అక్కడి లెర్విక్ ఊళ్ళో కమర్షియల్ స్ట్రీట్‌లో జేమీసన్స్ వాళ్ళ కొట్లో స్పిండ్రిఫ్ట్ అనే రకం ఒక్కటే రెండు వందల పైచిలుకు రంగుల్లో ఉంటుంది. ఒక్కో ఉండా తీసి వెలుతురులో పట్టుకుని చూడు. దూరానికి నాచు రంగులా కనిపించిన దాంట్లో పసుపు పోగులుంటాయి, నీలం ఉంటుంది, అక్కడక్కడా తుప్పు రంగు కూడా ఉంటుంది. వడకకముందే ఉన్నికి రంగులు వేసి, ఆ రంగుల ఉన్నిని కలిపి వడుకుతారు కనక అలా వస్తుంది. అన్నీ కావాలనిపిస్తుంది. అన్నిట్లోనూ ఒక్కొక్కటి తెచ్చుకున్నవాళ్ళ ఊలు ఏళ్ళ తరబడి అట్టపెట్టెల్లోనే ఉండిపోవడం నేను చాలా ఇళ్ళల్లో చూశాను. మొదటిసారికి టోపీ చాలు. నాలుగైదు రంగులు, రంగుకొక ఉండ. ఫెయిర్ ఐల్ అనే అక్కడి రంగుల అల్లికలో ఎన్ని రంగులున్నట్టు కనిపించినా ఒక వరసలో రెండే దారాలు నడుస్తాయి, కాబట్టి భయపడకు. ఊల్ వీక్ కోసం ఏటా ఒక టోపీ డిజైను వేస్తారు, దానితోనే మొదలుపెట్టు.

చేత్తో ముట్టుకోగానే గరుగ్గా ఉందని పక్కన పెట్టెయ్యకు. మన ఊళ్ళలో దొరికే అక్రిలిక్ మెత్తదనానికి అలవాటుపడ్డ వేళ్ళకి అది మొదట నచ్చదు. వడికేటప్పుడు పట్టించిన నూనె ఇంకా ఆ దారంలో ఉంటుంది. అల్లిక పూర్తయ్యాక గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి ఆరేస్తే నూనె వదిలి పోగులు విచ్చుకుంటాయి, ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఆ పట్టు మీదే అక్కడి పనితనమంతా నిలబడింది. ముందు తెరుచుకునే స్వెట్టర్‌ని కూడా వాళ్ళు గొట్టంలా గుండ్రంగా అల్లేసి, ఆనక మధ్యలో కత్తెర పెట్టి నిలువునా కోసేస్తారు. మొదటిసారి చూసినప్పుడు నాకు గుండె ఆగినంత పనైంది. ఒక్క కుట్టు కూడా జారలేదు! మెషిన్లో వేసినా పాడవదని అమ్మే నున్నటి మెరినో ఊలుతో ఆ పని చేస్తే అల్లినదంతా ఊడి చేతికొస్తుంది. మెత్తటి మెరినో కావాలంటే ఎడిన్‌బరోలోనే దొరుకుతుంది, దానికోసం రాత్రంతా ఓడలో వెళ్ళక్కర్లేదు.

లెర్విక్‌లోనే నార్త్ రోడ్డులో జేమీసన్ అండ్ స్మిత్ కొట్టు ఉంది. పేర్లు ఒకేలా ఉన్నా ఇది వేరే సంస్థ. ద్వీపాల్లోని చిన్న రైతుల దగ్గర ఉన్ని కొని, చేత్తో రకాలుగా వేరుచేస్తారు. అక్కడ 2 ప్లై జంపర్ వెయిట్ అడుగు. 25 గ్రాముల ఉండకి 115 మీటర్లు వస్తుంది. పేరులో 2 ఉంది కదా అని మరీ సన్నం అనుకోకు, మిగతాచోట్ల 4 ప్లై అని అమ్మేదానితో సమానం. ఎక్కడైనా సరే ప్లై అంకె వదిలేసి, గ్రాములకి మీటర్లెన్నో లెక్క చూసుకో. లేబుల్ మీద రంగు నంబరు పక్కన డై లాట్ నంబరు, అంటే ఏ విడతలో రంగు వేశారో చెప్పే అంకె కూడా ఉంటుంది. ఒకే రంగువి రెండో మూడో తీసుకుంటే ఆ నంబరు అన్నిటికీ ఒకటేనా అని చూడు. ఒక ఉండ ఎక్కువే తీసుకో. తక్కువైతే తర్వాత అదే లాటు దొరకడం కష్టం.

అసలు రంగే వెయ్యని ఊలు కూడా అక్కడ అడుగు. గొర్రె ఒంటిమీద ఎలా ఉందో అలాగే. ఎర్రటి గోధుమరంగుని మూరిట్ అంటారు, ముదురు బూడిదరంగుని షేలా అంటారు. ఇంకెక్కడికి వెళ్ళినా ఇన్ని సహజమైన ఛాయలు ఒకేచోట దొరకవని నా నమ్మకం.

ధర దగ్గర మాత్రం వెనకాడకు. డిస్కౌంటు ఉందా అని అడక్కు. ఒకప్పుడు షెట్లాండ్ ఆడవాళ్ళు అల్లి తెచ్చిన శాలువాలకి వర్తకులు డబ్బివ్వకుండా టీ పొడో గుడ్డముక్కో చేతిలో పెట్టి పంపేవారు. దానిమీద ప్రభుత్వం విచారణ జరిపించి 1872లో నివేదిక తెచ్చింది. అది చదివినప్పుడు నాకు మీ అమ్మమ్మే కళ్ళముందు మెదిలింది. నరసాపురం లేసు పని మన వైపుకి తెచ్చింది కూడా స్కాట్లాండ్ నుంచి వచ్చిన మిషనరీలే అంటారు. అమ్మమ్మ క్రోషియా పట్టుకుని పొద్దుపోయేదాకా అల్లేది. ఏజెంటు దారమిచ్చి, అల్లాక తనకి తోచినంత కూలి చేతిలో పెట్టేవాడు. ఆ లేసు ఏ దేశంలో ఎంతకి అమ్ముడుపోయిందో ఆవిడకి చివరిదాకా తెలియలేదు. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక సూచిక (జీఐ) గుర్తింపు వచ్చిందని విన్నప్పుడు ఆవిడ ఉండుంటే బాగుండుననిపించింది. ఆ ఇంటి పిల్లవి నువ్వు. అల్లే చేతుల దగ్గర, గొర్రెలు కాసే చేతుల దగ్గర బేరమాడటం మనకొద్దు.

కొట్లకి వెళ్ళకముందే ఒక పూట షెట్లాండ్ మ్యూజియంలో గడుపు. అన్‌స్ట్ ద్వీపం లేసు శాలువాలు చూడు. మనిషిని కప్పేంత శాలువా పెళ్ళి ఉంగరంలోంచి దూరిపోతుంది, అంత సన్నగా చేత్తో వడికిన ఊలు అది. అక్కడున్నవన్నీ చూశాక ఏ రంగు పక్కన ఏ రంగు నిలుస్తుందో, ఏ దారం దేనికి పనికొస్తుందో కళ్ళకి అదే తెలుస్తుంది. రంగుల దగ్గర తేలకపోతే కొట్లోవాళ్ళనే అడుగు. చాలామంది స్వయంగా అల్లేవాళ్ళే, ఓపిగ్గా ఉండలు పక్కపక్కన పేర్చి చూపిస్తారు.

మీ అమ్మ పన్ను వాపసు తెచ్చుకోమంటుందేమో. బ్రిటన్‌లో షాపుల దగ్గర అది 2021 జనవరి నుంచి ఎత్తేశారు, దాని కోసం తిరిగి టైము పాడు చేసుకోకు. క్రిస్మస్ సెలవులకి వచ్చేటప్పుడు ఊలుని జిప్ కవర్లలో గాలి తీసేసి సర్దు. ఇక్కడికొచ్చాక చెమ్మ తగలనివ్వకు, మన విశాఖ గాలి సంగతి తెలుసు కదా.

నాకు షేలా రంగువి రెండు ఉండలు చాలు. మీ పెదనాన్న పాత స్వెట్టర్ మోచేతుల దగ్గర అరిగిపోయింది, అక్కడ మళ్ళీ అల్లాలి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ