జిప్ ఫైల్‌కి పాస్‌వర్డ్ పెట్టారా? ఒక్కసారి ఇది చూడండి!

మా బిచ్కుంద వైపు డిగ్రీ అడ్మిషన్ల సీజన్ వచ్చిందంటే చాలు, టెన్త్ మెమో, కులం సర్టిఫికెట్, ఆధార్, బ్యాంక్ పాస్‌బుక్ స్కాన్లు వాట్సాప్‌లో, మెయిల్‌లో, పెన్ డ్రైవ్‌లలో తెగ తిరుగుతుంటాయి. దోస్త్ అప్లికేషన్ అయిపోయినా ఆ ఫైళ్లు ఎవరి కంప్యూటర్‌లో మిగిలాయో ఎవరికీ గుర్తుండదు. అందుకే వాటిని పంపే ముందే కమాండ్ లైన్‌లో లాక్ చేయడం ఎలాగో చూద్దాం.

లినక్స్, మాక్‌లలో ఉండే మామూలు జిప్ కమాండ్‌కి "హైఫన్ ఇ" తగిలిస్తే పాస్‌వర్డ్ అడుగుతుంది. కానీ అది వాడేది పాత జిప్ లాక్. ఫైల్‌లో కొంత భాగం ముందే తెలిస్తే, పాస్‌వర్డ్ లేకుండానే దాన్ని తెరవొచ్చని బిహామ్, కోచర్ అనే ఇద్దరు 1994లోనే చూపించారు. పైగా లోపలి ఫైళ్ల పేర్లు ఎవరికైనా కనిపిస్తాయి.

అందుకే నేను 7-జిప్ వాడతాను. ఇది ఫ్రీ, ఏఈఎస్-256 ఎన్‌క్రిప్షన్ ఇస్తుంది. కమాండ్‌ని ఇక్కడ తెలుగులో రాస్తున్నా, మీరు ఇంగ్లీష్ చిన్నక్షరాల్లో టైప్ చేయండి:

7జెడ్ ఎ -పి -ఎంహెచ్ఇ=ఆన్ డాక్స్.7జెడ్ డాక్స్

- ఎ: కొత్త ఆర్కైవ్ తయారు చేయమని.
- -పి: పాస్‌వర్డ్ అడగమని. దీని పక్కనే పాస్‌వర్డ్ రాయకండి, రాస్తే కమాండ్ హిస్టరీలో ఉండిపోతుంది. ఖాళీగా వదిలేస్తే అదే అడుగుతుంది, టైప్ చేసేది స్క్రీన్ మీద కనపడదు.
- -ఎంహెచ్ఇ=ఆన్: ఫైళ్ల పేర్లు కూడా దాచమని. ఇది 7జెడ్ ఫార్మాట్‌లోనే పని చేస్తుంది, జిప్‌లో కాదు.
- చివరి డాక్స్: మీ ఫోల్డర్ పేరు.

సరిగ్గా లాక్ అయిందో లేదో తెలియాలంటే "7జెడ్ ఎల్ డాక్స్.7జెడ్" అని కొట్టండి. పేర్లు చూపించే ముందే పాస్‌వర్డ్ అడిగితే పని అయినట్టే. అవతలివాళ్లు ఫోన్‌లో జెడ్ఆర్కైవర్ యాప్‌తో దీన్ని తెరుచుకోవచ్చు.

ఇక పాస్‌వర్డ్ సంగతి. ఈ-ఆధార్ పీడీఎఫ్ పాస్‌వర్డ్ అంటే పేరులో మొదటి 4 అక్షరాలు, పుట్టిన సంవత్సరం. మెమో చూసినవాళ్లెవరైనా దాన్ని చెప్పేస్తారు. అదే పద్ధతి ఇక్కడ వాడితే ఏఈఎస్ ఉన్నా లాభం లేదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు పదాలు కలిపి పెట్టండి. ఫైల్ వాట్సాప్‌లో పంపితే, పాస్‌వర్డ్ మాత్రం ఫోన్ చేసి చెప్పండి. రెండూ ఒకే చాట్‌లో పెడితే తాళం, తాళంచెవి కలిపి ఇచ్చినట్టే.

ఇంకో మాట. నెట్ సెంటర్‌లో ప్రింట్ కోసం ఆర్కైవ్ తెరిస్తే, బయటికి తీసిన ఫైళ్లకి ఏ లాకూ ఉండదు. ప్రింట్ అయ్యాక వాటిని డిలీట్ చేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించాకే బయటికి రండి. పాస్‌వర్డ్ మర్చిపోతే ఆ ఆర్కైవ్ మీకూ తెరుచుకోదు, కాబట్టి ఒరిజినల్ స్కాన్లు ఇంట్లో వేరే చోట జాగ్రత్తగా పెట్టుకోండి.