శని, ఆదివారాల్లో ఒక రాజధాని: దాజీ పేట్ పాఠకుల ప్రశ్నలు - జవాబులు

సోలాపూర్ దాజీ పేట్ మగ్గాల వాడల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలావరకు యూరప్ ప్రయాణం గురించే. టవళ్లు, చద్దర్లు అమ్ముకోవడానికి వెళ్లేవారు కొందరు, చదువుకోవడానికి వెళ్లిన పిల్లలు కొందరు, వాళ్లను పంపి ఇంట్లో ఉన్న తల్లులు కొందరు. అందరి అవసరాలకూ దగ్గరగా ఉన్న నాలుగు ప్రశ్నలకు ఇక్కడ జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: మాది దాజీ పేట్. నాన్నగారి నాటి నుంచి టవళ్ల కార్ఖానా. వచ్చే జనవరిలో ఫ్రాంక్‌ఫర్ట్ హైమ్‌టెక్స్‌టిల్ వస్త్రాల మేళాకు నేనూ, మా తమ్ముడూ మొదటిసారి పోతున్నాం. మేళా శుక్రవారంతో అయిపోతుంది. సోమవారం తిరుగు ప్రయాణం. మధ్యలో దొరికే రెండు రోజుల్లో ఏజెంటు పారిస్, బ్రస్సెల్స్, ఆమ్‌స్టర్‌డామ్ మూడూ చూపిస్తానంటున్నాడు. ఒప్పుకోవచ్చా?

జవాబు: ఒప్పుకోకండి. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి పారిస్‌కు రైల్లో దాదాపు నాలుగు గంటలు. పారిస్ నుంచి బ్రస్సెల్స్‌కు గంటన్నర, అక్కణ్ణుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కు సుమారు రెండు గంటలు, మళ్లీ ఫ్రాంక్‌ఫర్ట్‌కు నాలుగు గంటలు. స్టేషన్లకు చేరడం, సామాను దించడం, హోటల్ వెతుక్కోవడం ఈ లెక్కలో లేవు. పైగా అది జనవరి. పారిస్‌లో పొద్దు పొడిచేసరికి ఎనిమిదిన్నర దాటుతుంది, సాయంత్రం ఐదున్నరకల్లా పొద్దు గూకుతుంది. అంత కొద్ది వెలుతురును మూడు ఊళ్లకు పంచితే మీకు మిగిలేవి రైలు కిటికీలే. ఒక్క ఊరు పెట్టుకోండి. మొదటిసారి వెళ్తున్నారు, అందులోనూ నేతవారు, కాబట్టి అది పారిస్ కావాలని నా మాట.

ముందు టికెట్ల సంగతి. ఈ మేళా 2025లో జనవరి 14 నుంచి 17 వరకు, 2026లో 13 నుంచి 16 వరకు జరిగింది. రెండుసార్లూ మంగళవారం మొదలై శుక్రవారం ముగిసింది. మన సిద్ధేశ్వరుడి గడ్డా యాత్ర రోజులే అవి, నందిధ్వజాల ఊరేగింపు చూడలేని వెలితి ఎలాగూ తప్పదు. విమానం టికెట్టు కొనేటప్పుడు పోవడం ఫ్రాంక్‌ఫర్ట్‌కు, రావడం పారిస్ నుంచి అని అడగండి. పారిస్ నుంచి ముంబైకి నేరుగా విమానం ఉంది. వెనక్కి ఫ్రాంక్‌ఫర్ట్ పోవలసిన నాలుగు గంటలూ, ఆ రైలు చార్జీ మిగులుతాయి. శుక్రవారం సాయంత్రం రైలెక్కితే రాత్రికి పారిస్‌లో గార్ ద లెస్త్ స్టేషన్‌లో దిగుతారు. గది ఆ చుట్టుపక్కలే తీసుకోండి. రైలు టికెట్టు ఎంత ముందు కొంటే అంత చవక. మేళాలో తీసుకున్న శాంపిళ్ల బరువు మోస్తూ ఊరు తిరగకండి, సామాను గదిలోనే వదిలిపెట్టండి.

ఇక శనివారం. పొద్దున పదింటికి మ్యూజే దెజార్ ఎ మెతియే అనే మ్యూజియం తెరుస్తారు. యంత్రాల మ్యూజియం అది. టూరిస్టు బస్సులు అక్కడ ఆగవు. కానీ దాజీ పేట్ మనిషి పారిస్‌లో మొట్టమొదట తొక్కవలసిన గడప అదేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. 18వ శతాబ్దంలో వోకాన్సన్ అనే ఆయన తానంతట తానే పూలు నేసే మగ్గం ఒకటి తయారు చేశాడు. అది ఆ కాలంలో ఎవరికీ పట్టలేదు. లియోన్ పట్నంలో నేతగాడి ఇంట పుట్టిన జోసెఫ్ మరీ జకార్డ్ తర్వాత దాన్ని పరిశీలించి, తన ఆలోచన చేర్చి, 1804 ప్రాంతంలో చిల్లుల అట్టలతో నడిచే యంత్రం తెచ్చాడు. అట్టలో చిల్లు ఉన్నచోట పడుగు పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. ఒక్కో అట్టకు ఒక్కో పేక. మన చద్దరు మీది నెమలి, పువ్వు, అంచు మీది అక్షరాలు అన్నీ ఆ ఒక్క సూత్రం మీద లేచినవే. మీ కార్ఖానాలో ఇప్పుడు కంప్యూటరు జకార్డు ఉన్నా, లేచే పోగు, లేవని పోగు అన్న లెక్క మారలేదు. వోకాన్సన్ మగ్గం ఆ మ్యూజియంలో ఉంది. దాని ముందు తొందరపడకండి. మీ తమ్ముణ్ని కూడా తొందరపెట్టనివ్వకండి.

అక్కణ్ణుంచి దక్షిణంగా సెన్ నది వైపు నడవండి. నది మధ్య లంకలో నోత్ర్ దామ్ చర్చి వస్తుంది. 2019లో కాలిపోయి, 2024 డిసెంబరులో మళ్లీ తెరుచుకుంది. లోపలికి ఉచితం, ఆన్‌లైన్‌లో సమయం తీసుకుంటే నిలబడే పని తగ్గుతుంది. నది దాటి ఇంకొంచెం నడిస్తే క్లూనీ మ్యూజియం. అక్కడ ఒక గదిలో 1500 ప్రాంతంలో ఉన్నితో, పట్టుతో నేసిన ఆరు పెద్ద తెరలు వేలాడుతుంటాయి. ఒక్కోదానిలో ఒక స్త్రీ, పక్కన సింహం, ఒంటికొమ్ము గుర్రం, ఎర్రటి నేల నిండా పూలు. ఐదు తెరలు పంచేంద్రియాలకు గుర్తులు. ఆరోదాని అర్థం గురించి పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. సోలాపూర్‌లో దేవుళ్ల బొమ్మలు, నాయకుల ముఖాలు వాల్ హ్యాంగింగులుగా నేసేవారు ఈ గదిలో ఎంతసేపైనా కూర్చోగలరు. రంగు నుంచి రంగుకు పోగు ఎక్కడ మారిందో మీ కంటికి దొరుకుతుంది, మామూలు యాత్రికుడికి దొరకదు.

పారిస్‌లోని గోబెలాఁ నేతశాల పేరు కూడా విని ఉంటారు. 1662లో పదునాలుగో లూయీ రాజు కోసం ఏర్పాటైన ఆ చోట నిలువు మగ్గాల మీద నేత ఇప్పటికీ నడుస్తోంది. నేతగాడు తెర వెనుక వైపు కూర్చుని నేస్తూ, ముందు వైపు ఎలా వస్తున్నదో అద్దంలో చూసుకుంటాడు. అయితే దాన్ని ముందుగా బుక్ చేసుకున్న గైడు వెంటే చూడాలి, శని ఆదివారాల్లో అవకాశం దొరుకుతుందన్న భరోసా లేదు. దొరికితే క్లూనీని తగ్గించుకునైనా వెళ్లండి. దొరకకపోతే దాని కోసం రోజంతా పోగొట్టుకోకండి.

ఆదివారం పొద్దు పొడిచే వేళకు త్రొకాదెరో మెట్ల మీద ఉండండి. ఎదురుగా ఐఫెల్ టవర్, అప్పటికి జనం పలచగా ఉంటారు. పైకి ఎక్కాలనుకుంటే టికెట్టు ఇంటి దగ్గర నుంచే కొనుక్కోండి. 2024 ఫిబ్రవరి నుంచి ఆ టికెట్టుకు మన యూపీఐతో కూడా డబ్బు కట్టవచ్చు. తర్వాత ఓర్సే మ్యూజియం. లూవ్ర్ ఎందుకు కాదని అడుగుతారు. 2026 జనవరి 14 నుంచి యూరప్ బయటివారికి అక్కడ టికెట్టు 32 యూరోలు. అంత పెట్టి రెండు గంటల్లో మోనాలీసా ముందు గుంపులో నిలబడి రావడం నాకు సమ్మతం కాదు. బయట గాజు పిరమిడ్ చూసి, లూవ్ర్‌ను తీరిక ఉన్న మరో ప్రయాణానికి ఉంచండి.

మధ్యాహ్నం బొన్ మార్షే అనే పాత డిపార్ట్‌మెంటు స్టోరుకు వెళ్లండి. ఆదివారమూ తెరుస్తారు. జనవరిలో దుప్పట్లు, టవళ్లు, బల్లగుడ్డల మీద ధర తగ్గించి అమ్మడం ఫ్రాన్స్‌లో పాత ఆచారం. తెల్లబట్టల నెల అంటారు. 19వ శతాబ్దంలో ఆ ఆచారం మొదలుపెట్టిన ఘనత ఈ దుకాణం యజమాని బూసికోకే ఇస్తారు. అక్కడ టవల్ చేతపట్టి చూడండి. జీఎస్ఎం ఎంత, ఏ దేశంలో నేశారు, అంచు ఎలా కుట్టారు, ఎంతకు అమ్ముతున్నారు. మేళాలో కొనుగోలుదారు మీతో బేరమాడిన ధరకూ, ఇక్కడ చీటీ మీది ధరకూ మధ్య ఎంత దూరముందో కళ్లారా తెలుస్తుంది. ఫొటో తీసేముందు దుకాణంవారిని అడగండి. లోపల అడుగుపెట్టగానే బోంజూర్ అనండి. ఆ ఊళ్లో అది మర్యాద, అనకపోతే ముఖం తిప్పుకుంటారు.

జేబులు జాగ్రత్త. మెట్రోలో, మోమార్త్ర్ గుట్ట దగ్గర చేతికి దారం కడతామని, కాగితం మీద సంతకం పెట్టమని వచ్చేవారి దగ్గర ఆగవద్దు. మెట్రోకు వారం పాస్ కొనకండి. అది సోమవారం నుంచి ఆదివారం వరకు లెక్క, మీ రెండు రోజులకు దండుగ.

ప్రశ్న: మా ఇద్దరు కొడుకులు యూరప్‌కు పోతున్నారు. మాంసం ముట్టరు. కడక్ రొట్టెలు, శేంగా చట్నీ, పేడాలు, ఇంటి నెయ్యి కట్టి ఇస్తానంటే, అవి విమానాశ్రయంలో పారేస్తారని కోడలు అంటోంది. నిజమేనా? - ఒక తల్లి, దాజీ పేట్

జవాబు: అమ్మా, మీ మాటా నిజమే, కోడలి మాటా నిజమే. పాలతో, మాంసంతో చేసినవి బయటి దేశాల నుంచి యూరప్‌లోకి తీసుకుపోకూడదు. కాబట్టి పేడాలు, నెయ్యి, పెరుగు మిరపకాయలు వద్దు. పచ్చి కరివేపాకు, మామిడికాయలు కూడా వద్దు. వాటికి ప్రత్యేక పత్రం కావాలి. మన జొన్న కడక్ రొట్టె, పల్లీల చట్నీ పొడి మాత్రం నిక్షేపంగా పోతాయి. వారాలైనా చెడని రొట్టె అది, ప్రయాణానికి దాన్ని మించిన తిండి నాకు తెలియదు. గట్టి డబ్బాలో సర్దండి, లేకపోతే పొడి అవుతుంది. మిగతా పూటలకు దిగులు పడకండి. వాళ్లు పారిస్ పోతే, దిగే గార్ ద లెస్త్ స్టేషన్‌కు కొద్ది దూరంలోనే లా షాపెల్ అని శ్రీలంక తమిళుల వాడ ఉంది. ఇడ్లీ, దోసె, అన్నం, సాంబారు దొరుకుతాయి. ఆ పక్కన వినాయకుడి గుడి కూడా ఉంది.

ప్రశ్న: నేను డ్రెస్డెన్‌లో ఎమ్మెస్ చదువుతున్నాను. నాన్న దాజీ పేట్‌లో సాంచాలు (మరమగ్గాలు) నడుపుతారు, అమ్మ బీడీలు చుడుతుంది. స్నేహితులు రెండు రోజులు ప్రాగ్ పోదామంటున్నారు. వీసా కావాలా? ఇంట్లోవాళ్లు హప్తా లెక్కన కూడబెట్టి పంపుతుంటే నేను ఊళ్లు తిరగడం తప్పు కాదా అనిపిస్తోంది.

జవాబు: తల్లీ, వీసా అక్కర్లేదు. జర్మనీ రెసిడెన్స్ కార్డు, పాస్‌పోర్టు దగ్గర ఉంటే చాలు. మిగతా షెంగెన్ దేశాల్లో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల వరకు తిరగవచ్చు. డ్రెస్డెన్ నుంచి ప్రాగ్‌కు రైల్లో రెండున్నర గంటలు. పోయేటప్పుడు ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చో, ఎల్బే నది లోయ వెంబడి వస్తుంది. అక్కడ యూరో కాదు, కొరునా నడుస్తుంది. వీధి పక్కన డబ్బు మార్చే కొట్లకు పోకు. బ్యాంకు ఏటీఎంలోనే తీసుకో, మీ కరెన్సీలోకి మార్చమంటారా అని యంత్రం అడిగితే వద్దని నొక్కు. 1357లో పునాది వేసిన చార్లెస్ వంతెనను తెల్లవారుజామున చూడు. 1410 నాటి గడియారం గంట గంటకూ ఆడే బొమ్మలాట ఉచితం. కోట ముంగిళ్లలో తిరగడానికీ డబ్బు అక్కర్లేదు. ఒక రాత్రి హాస్టల్లో పడుకుంటే ఖర్చు నీ అదుపులో ఉంటుంది.

తప్పు మాటకు వస్తే, నాకు ఇందులో తప్పు కనబడలేదు. విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు పనిచేసుకోవడానికి జర్మనీ చట్టం ఒప్పుకుంటుంది. అలా నువ్వు సంపాదించుకున్న డబ్బుతో పో. నాన్న పంపిన ఫీజు డబ్బు, అద్దె డబ్బు తాకకు. పోయేముందు ఇంటికి ఫోన్ చేసి చెప్పు. దాచి పోయావంటే ఆ దిగులు రెండు రోజులూ నీ వెంటే ఉంటుంది. వంతెన మీది నుంచి అమ్మకు వీడియో కాల్ చెయ్. పొద్దంతా బీడీల చాట ముందు కూర్చునే మనిషి కూతురి ఫోన్‌లో ప్రాగ్ చూస్తుంది. ఆ రోజు ఆమెకు ఎంత సంతోషమో నాకంటే నీకే బాగా తెలుసు.

ప్రశ్న: జర్మనీ వీసా మీదనే లండన్ కూడా చూసి రావచ్చా? వీసాకు ఎప్పుడు అప్లయి చెయ్యాలి?

జవాబు: కుదరదు. బ్రిటన్ షెంగెన్‌లో లేదు, దానికి వీసా వేరే. ఒకవేళ రెండూ ఉన్నా, మీ షెంగెన్ వీసా ఒక్క ఎంట్రీదే అయితే లండన్ పోయాక తిరిగి జర్మనీలోకి రానివ్వరు. పారిస్, ప్రాగ్, బ్రస్సెల్స్ మాత్రం ఒకే వీసాతో చూడవచ్చు.

ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికి అప్లయి చెయ్యాలి. మేళాకు పోయేవారికి అది జర్మనీ. పారిస్ హోటల్ బుకింగు దాచకుండా కాగితాల్లో పెట్టండి. పెద్దవారికి ఫీజు 90 యూరోలు, 30 వేల యూరోలకు తగ్గని ప్రయాణ బీమా తప్పనిసరి. పాస్‌పోర్టు తిరిగొచ్చే తేదీ తర్వాత మూడు నెలలైనా చెల్లాలి, అందులో రెండు ఖాళీ పేజీలు ఉండాలి. వేలిముద్రలకు స్వయంగా పోవాలి, జర్మనీ వీసా కేంద్రం పుణేలోనూ ఉంది. 2025 అక్టోబరు నుంచి యూరప్ సరిహద్దులో కూడా వేలిముద్రలు, ఫొటో తీసుకుంటున్నారు, అక్కడ క్యూకు ఎక్కువ సమయం ఉంచుకోండి. అప్లికేషను ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు, ఆఖరి గడువు 15 రోజుల ముందు. మేళా ముందు నెలల్లో అపాయింట్‌మెంట్లు త్వరగా నిండిపోతాయి. జనవరిలో పోదలచినవారు దసరా వెళ్లేలోపే కాగితాలు సిద్ధం చేసుకోండి.