బల్లికి జ్వరం వస్తుందా?

జంతువుల పాఠం మొదలుపెట్టిన రోజు తరగతిలో ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతారు. బల్లి శీతరక్త జీవి అని చెప్తారు కదా, మరి దానికి జ్వరం ఎలా వస్తుంది అని. ఇంట్లో మిమ్మల్ని కూడా అడిగే ఉంటారు. ప్రశ్న చిన్నదే కానీ, జవాబు కోసం మన ఇంటి గోడ నుంచి శేషాచలం కొండల దాకా వెళ్లాలి.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. 'శీతరక్తం' అంటే రక్తం చల్లగా ఉంటుందని పిల్లలు అనుకుంటారు. ఏప్రిల్ ఎండలో బండ మీద తల ఆడించే తొండ రక్తం మన రక్తమంత వేడిగా ఉంటుంది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే. అందుకే 'అస్థిరోష్ణ జీవి' అన్న మాట నయం. మన ఒంట్లో పొయ్యి ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. 37 డిగ్రీలు నిలబెట్టడానికి మనం తిన్న తిండిలో చాలా భాగం దానికే కట్టెలుగా పోతుంది. బల్లి ఒంట్లో ఆ పొయ్యి లేదు. దాని వేడి అంతా బయటిదే. కాబట్టి అంతే బరువున్న ఎలుక తినేదాంట్లో పదో వంతు దొరికినా దానికి గడిచిపోతుంది.

తొండ ఎండ కాచుకుంటుంది. మరి రాత్రి తిరిగే బల్లికి ఎండ ఏది?

రాజుపాలెం, జమ్మలమడుగు వైపు నాపరాళ్లు పరిచిన ఇళ్లలో పెరిగినవారికి ఇది చెప్పనక్కర్లేదు. మధ్యాహ్నం మూడింటికి కాలు పెట్టలేని బండ, రాత్రి ఎనిమిదింటికి కూడా వెచ్చగానే ఉంటుంది. రాయి పగలంతా వేడిని తాగి, రాత్రికి మెల్లగా వదులుతుంది. బల్లి ట్యూబ్‌లైటు దగ్గరికి వచ్చేది పురుగుల కోసమే. కానీ పొట్ట గోడకు ఆనించి ఉన్నంతసేపూ ఆ గోడ వేడి దాని ఒంట్లోకి ఎక్కుతూనే ఉంటుంది.

అడవి బల్లుల కథ వేరు. దట్టమైన చెట్ల నీడలో ఎండ అక్కడక్కడా చుక్కలుగానే పడుతుంది. ఆ చుక్క వెతుక్కుంటూ తిరిగితే ఖర్చే తప్ప లాభం లేదు, పైగా డేగ కళ్లలో పడాలి. 1961లో రొడోల్ఫో రూయిబాల్ అనే శాస్త్రవేత్త క్యూబా బల్లుల మీద చేసిన పని ప్రచురించారు. ఆరుబయట ఉండే జాతులు ఎండా నీడా మారుతూ ఒంటి వేడిని సరిచేసుకుంటున్నాయి. అడవి లోపలి జాతి ఆ శ్రమ పెట్టుకోకుండా, చుట్టూ ఉన్న గాలి ఎంత వేడి ఉంటే అంత వేడితో బతుకుతోంది.

మన కొండలు క్యూబా లాంటివి కావు. ఇక్కడ ఎండాకాలం ఆకులు రాలిపోతాయి, నీడ తక్కువ, బండలు ఎక్కువ. ఇలాంటి చోట రాతి నెర్రెలే బల్లికి ఆధారం. కంచి వెళ్లి బంగారు బల్లిని ముట్టుకొని వచ్చినవాళ్లు మనలో చాలామంది. ప్రాణమున్న బంగారు బల్లి మాత్రం శేషాచలం కొండల్లో ఉంది. 1870లో మద్రాసు అటవీశాఖ అధికారి రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ తిరుపతి కొండల నుంచి దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశారు. తర్వాత చాలాకాలం ఎవరి కంటా పడలేదు. మన జిల్లాలో కలివికోడి మళ్లీ కనిపించిన 1986 ప్రాంతంలోనే ఈ బల్లి సంగతీ మళ్లీ వెలుగులోకి వచ్చింది. జానెడుకు కాస్త తక్కువ పొడవు. మగవాటిలో కొన్నిటికి నిజంగానే పసుపు పూసినట్టు రంగు వస్తుంది. పగలు నీడపట్టున, చల్లని నెర్రెల్లో, గుహల్లో ఉంటుంది. గుడ్లను రాతికి అంటించి పెడుతుంది. ఒకే చోట ఎన్నో బల్లులు పెట్టిన గుడ్లు గుంపుగా కనిపిస్తాయి. అలాంటి రాయి దొరకడం దానికి అంత ముఖ్యం.

పగలు నెర్రెలో అది ఊరికే పడుకుని ఉంటుందనుకుంటాం. నిజానికి రాత్రి తిన్నది అరిగేది అప్పుడే. నెర్రె నోటి దగ్గర వేడి, లోపలికి పోయేకొద్దీ చల్లన. నాలుగు అంగుళాలు ముందుకో వెనక్కో జరిగితే చాలు, ఒంటి వేడి మారుతుంది. ఇంకో వింత, రాత్రి బల్లులు బాగా పరుగెత్తగలిగే వేడి, అవి వేటాడే రాత్రి వేడి కన్నా ఎక్కువని పరిశోధనల్లో తేలింది. అంటే రోజూ కాస్త బిగుసుకున్న ఒంటితోనే వేటకు దిగుతున్నాయన్నమాట.

ఇప్పుడు జ్వరం సంగతి. 1970లలో అమెరికాలో మాథ్యూ క్లూగర్, ఆయన సహచరులు ఎడారి ఇగువానాలకు (అవీ బల్లి చుట్టాలే) బ్యాక్టీరియా ఎక్కించి చూశారు. జబ్బుపడినవి తమంతట తామే ఇంకా వెచ్చని చోటికి జరిగి, ఒంటి వేడిని సుమారు 2 డిగ్రీలు పెంచుకున్నాయి. చల్లని చోట ఉంచినవాటిలో ఎక్కువ చనిపోయాయి, వెచ్చగా ఉంచినవాటిలో ఎక్కువ బతికాయి. కాబట్టి మీ పిల్లలకు చెప్పవలసిన జవాబు: వస్తుంది, కానీ నడిచి వెళ్లి తెచ్చుకుంటుంది.

ఇక్కడే అసలు చిక్కు. వెచ్చన, చల్లన రెండూ పక్కపక్కనే ఉంటేనే ఈ బతుకు సాగుతుంది. బండల్ని పగలగొట్టి తీసుకుపోతే బల్లికి పోయేది గూడు ఒక్కటే కాదు, అరుగుదలా జ్వరమూ కూడా. ఎండలు పెరగడం ఇంకో దెబ్బ. నీడలో బతికే ఉష్ణమండల అడవి బల్లులు ఇప్పటికే తట్టుకోగల హద్దుకు దగ్గరగా ఉన్నాయనీ, అంతకన్నా చల్లని చోటు వాటికి లేదనీ 2009లో రేమండ్ హ్యూయీ బృందం హెచ్చరించింది.

ఇంట్లో చేయదగ్గ పని ఒకటి. కరోనా రోజుల్లో కొన్న, నుదుటి ముందు పట్టే థర్మామీటరు బీరువాలో ఉంటే బయటికి తీయండి. చాలావాటిలో వస్తువుల వేడి చూసే మోడ్ వేరుగా ఉంటుంది, అది పెట్టండి. సాయంత్రం 6 నుంచి 9 దాకా గంటకోసారి నాపరాయి, సున్నం గోడ, వేపచెట్టు మొదలు, ఈ మూడింటి వేడీ పిల్లల చేత రాయించండి. బల్లులు ఎక్కడ ఎన్ని ఉన్నాయో పక్కన రాయాలి. మెరిసే స్టీలు మీద ఆ పరికరం తప్పు చూపిస్తుంది, వద్దు. బల్లిని పట్టుకోనివ్వకండి. మన బల్లులకు విషం లేదు, భయపడక్కర్లేదు. అయితే దాని ఒంటి మీద, రెట్టలో సాల్మొనెల్లా లాంటి క్రిములు ఉండవచ్చు, అందుకే బల్లి పడిన కూర పారబోయమని అవ్వలు చెప్పేది సరైన మాటే.

నోటుబుక్కు సోమవారం సైన్స్ పీరియడ్‌కు పంపండి. రాయి, సున్నం, చెట్టు, మూడు గీతలూ ఒకే గ్రాఫు మీద గీయిస్తాం.