ఒక పూట, ఒక పోటు



ఏడో తరగతి పాఠంలో ఒకసారి 'ఆటుపోట్లు' అనే మాట వచ్చింది. "జీవితంలో వచ్చే కష్టసుఖాలు" అని అర్థం చెప్పి ముందుకు వెళ్ళబోయాం. వెనక బెంచీ అమ్మాయి లేచి, "సార్, వీటిలో ఆటు ఏది, పోటు ఏది?" అని అడిగింది. మా నోట జవాబు రాలేదు. పదేళ్ళకు పైగా తెలుగు చెబుతున్నాం. ఆ మాటను ఎన్నిసార్లు పలికామో లెక్కలేదు. విడదీసి మాత్రం ఎప్పుడూ చూడలేదు.

సాయంత్రం నిఘంటువు తీశాం. పోటు అంటే సముద్రపు నీరు పెరగడం, ఆటు అంటే తగ్గడం. మర్నాడు అదే చెప్పాం. ఆ అమ్మాయి ఊరుకోలేదు. "మీరు చూశారా సార్?" అంది. తరగతి కిటికీలోంచి సముద్రం కనిపించే ఊరు అది. చూడలేదని ఒప్పుకోక తప్పలేదు.

అప్పుడు మా ఉద్యోగం పోర్ట్ బ్లెయిర్‌లో. 2024 సెప్టెంబరు నుంచి ఆ ఊరిని శ్రీ విజయపురం అంటున్నారు. ఊళ్ళు మారడం మనకు అలవాటే. ఆ ఊరికి మాత్రం పేరు కూడా మారింది!

బోటు కుదుర్చుకున్నాం

ఆ ఊళ్ళో జంగ్లీఘాట్ అనే చోట చేపల రేవు ఉంది. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి ఎప్పుడో వలస వచ్చిన మత్స్యకార కుటుంబాలు ఆ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవారు సుమారు 13 శాతం. రేవులో కాసేపు నిలబడితే చాలు, తెలుగు చెవిన పడుతుంది.

అక్కడ గాలం వేసి చేపలు పట్టాలనే సరదా ఉన్నవారిని పూటకు ఇంతని అద్దె తీసుకుని బోటులో తీసుకెళతారు. మేం నలుగురం, అంటే మేమిద్దరం, మా బాబు, మా పాప, ఒక సెలవు రోజుకు బోటు కుదుర్చుకున్నాం. ఫిబ్రవరి నెల. పౌర్ణమి వెళ్ళి రెండు రోజులైంది. పొద్దున ఐదున్నర నుంచి పదకొండున్నర దాకా, ఆరు గంటలకు బేరం.

"ఐదున్నరేమిటి నాన్నా, చీకటిగా ఉంటుంది కదా!" అన్నాడు మా బాబు. ఉండదు. మన దేశపు గడియారాలన్నీ 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి. అండమాన్ సుమారు 93 డిగ్రీల దగ్గర ఉంది. ఒక్కో డిగ్రీకి 4 నిమిషాలు చొప్పున లెక్క వేయండి. గడియారం కంటే సూర్యుడు అక్కడ 40 నిమిషాలకు పైగా ముందుంటాడు.

సొంతూరు ఏది?

బోటు నడిపే ఆయనకు అరవై ఏళ్ళుంటాయి. పిల్లలు వెంటనే "తాతయ్యా" అని పిలవడం మొదలుపెట్టారు. ఎక్కకముందే అందరికీ లైఫ్ జాకెట్లు తొడిగించాడు. పాప జాకెట్ బెల్టును తనే లాగి చూశాడు. ఎటు వెళుతున్నామో, ఎన్ని గంటలకు తిరిగి వస్తామో ఒడ్డున ఉన్న కొడుక్కి చెప్పాడు. ఆ తరవాతే ఇంజను తిప్పాడు.

"మీదే ఊరు బాబూ?" అని మా బాబును అడిగాడు. వాడు మా వైపు చూశాడు. పుట్టింది ఒక ఊళ్ళో, నడక నేర్చింది మరో ఊళ్ళో, అక్షరాలు దిద్దింది ఇంకో ఊళ్ళో. "మాకు ట్రాన్స్‌ఫర్లు తాతయ్యా" అని ఊరుకున్నాడు. ఈ ప్రశ్నకు మీలో చాలామంది చెప్పే జవాబు కూడా ఇదే కదా!

ఆయన నవ్వి, "మా అయ్యది సీకాకులం. నేను పుట్టింది ఇక్కడే. ఆ ఊరు నేను రెండుసార్లే సూశాను" అన్నాడు. మా బాబు కాసేపు ఆలోచించి, "మరి తెలుగు ఎలా వచ్చింది?" అని అడిగాడు. "పనిలో వచ్చింది. వల లాగినప్పుడు ఇంకో బాసలో ఏటి అరుస్తాం?" అన్నాడాయన.

నీరు ఎక్కుతోంది

రేవులోంచి బయటకు వస్తున్నప్పుడు గట్టు రాళ్ళ మీద తడి గీత ఒకటి చూపించాడు. నీటికి చాలా పైన ఉంది. "అంతదాకా వస్తది. ఇప్పుడు ఆటు అయిపోయింది, పోటు మొదలైంది. పదకొండు దాటాక నిండుతది" అన్నాడు. మేం గడియారం చూసి పెట్టుకున్నాం.

ఇందులో లెక్క ఇది. చంద్రుడి ఆకర్షణ వల్ల, కొంతవరకు సూర్యుడి ఆకర్షణ వల్ల సముద్రపు నీరు పెరిగి తరుగుతుంటుంది. అక్కడ రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. ఒక పోటు నిండిన తరవాత మళ్ళీ నిండడానికి సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అందుకే మర్నాడు అదే పోటు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. పౌర్ణమి, అమావాస్యల దగ్గర సూర్యచంద్రుల బలం కలిసి వస్తుంది కాబట్టి నీటి మట్టంలో తేడా ఎక్కువ. అండమాన్‌లో ఆ రోజుల్లో అది దాదాపు 2 మీటర్లు ఉంటుంది.

ఆటు నుంచి పోటు నిండడానికి ఆరు గంటలు. మా బేరమూ ఆరు గంటలే. మేం గడియారం చూసి పూట అన్నాం. ఆయన నీటిని చూసి పూట అన్నాడు. రెండూ ఒకటే అనుకున్నాం. కావని తరవాత తెలిసింది.

గాలం చెప్పిన పాఠాలు

ఒకప్పుడు రాస్ ద్వీపం అని పిలిచిన నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం పక్కగా బయటకు వచ్చాం. ముందు బోటును మెల్లగా నడుపుతూ వెనక ఎరను ఈడ్చాం. గాలానికి పైన జానెడు ఉక్కు తీగ కట్టి ఉంది. వంజరం చేప పళ్ళు చాలా పదును. వట్టి నైలాను తీగనైతే కొరికేస్తుంది.

ఏడు గంటలప్పుడు గడకు ఉన్న చక్రం గిర్రున తిరిగింది. మేం ఉత్సాహంతో దాన్ని బిగించి పట్టుకున్నాం. "ఒగ్గండి మేష్టారూ, ఒగ్గండి!" అని ఆయన అరుస్తూనే ఉన్నాడు. టప్పున తీగ తెగింది. వంజరం పోయింది.

ఆ చక్రానికి ఒక బ్రేకు ఉంటుంది. తీగ మోయగల బరువులో మూడోవంతో నాలుగోవంతో లాగుడు పడగానే చక్రం జారేలా దాన్ని సరిచేస్తారు. చేప పరుగెత్తితే తీగను వదలాలి, అలసి ఆగితే చుట్టుకోవాలి. పూర్తిగా బిగిస్తే తీగ తెగుతుంది. పూర్తిగా వదిలితే గాలం ఊడుతుంది. ఈ సంగతి తెలియని మా చేతుల్లో ఆ రోజు మంచి చేప ఒకటి పోయింది.

తరవాత 12 మీటర్ల లోతున్న చోట ఆగాం. లంగరు వేసే ముందు ఆయన నీళ్ళలోకి చాలాసేపు చూశాడు. అడుగున ఇసుక కనిపించాకే వేశాడు. పగడపు దిబ్బ మీద లంగరు పడితే, ఏళ్ళ తరబడి పెరిగిన పగడం ఒక్క దెబ్బకు విరిగిపోతుంది. అక్కడ చేతి గాలాలు వేశాం. చెక్కకు చుట్టిన నైలాను తీగ, కింద సీసం గుండు, గాలానికి చేప ముక్క. తీగ వేళ్ళను కోయకుండా గుడ్డ చుట్టుకున్నాం.

పాప తీగ కదిలింది. పైకి లాగితే వెండిలా మెరిసే పార చేప. జానెడైనా లేదు. పాప ఎగిరి గంతేసింది. ఆయన చేతులు సముద్రంలో తడుపుకుని చేపను పట్టుకున్నాడు. గాలం తీసి, "సిన్నది పాపా, ఒగ్గీద్దామా?" అని అడిగాడు.

పాప కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది పట్టిన మొదటి చేప. "మీటరు దాటి పెరిగే జాతి ఇది. ఇంకా గుడ్లే పెట్టనేదు" అన్నాడాయన. పాప మా వైపు చూసింది. మేం ఏమీ అనలేదు. "సరే తాతయ్యా" అని తనే తల ఊపింది. చేప నీళ్ళలో ఒక్క క్షణం నిలబడి, తోక కొట్టి మాయమైంది.

పొడి చేతులతో పట్టుకుంటే చేప ఒంటి మీది జిగురు పొర ఊడిపోతుంది. రోగాలు రాకుండా కాపాడేది ఆ పొరే. ఇంకో సంగతి పెద్ద తరగతుల వారికి. 10 మీటర్ల లోతులో పీడనం నీటి పైన ఉన్నదానికి రెండింతలు, 30 మీటర్ల లోతులో నాలుగింతలు. చాలా చేపల కడుపులో గాలితిత్తి ఉంటుంది. బాగా లోతు నుంచి గబగబా పైకి లాగితే అందులోని వాయువు ఉబ్బిపోతుంది. అలాంటి చేపను వదిలిపెట్టినా బతకడం కష్టం. వదలాలనుకునేవారు తక్కువ లోతులోనే పట్టాలి.

ఆ తరవాత రెండు ఎర్రని చేపలు పడ్డాయి. బాగా ఎదిగినవి. అవి మా ఇంటికి వచ్చాయి.

తిరిగి వెళదాం

పది దాటింది. ఈశాన్యం నుంచి గాలి కొంచెం పెరిగింది. ఆయన తీగలు చుట్టేయడం మొదలుపెట్టాడు.

"పదకొండున్నర దాకా కదా మాట్లాడుకున్నాం!" అన్నాం. గొంతులో కాస్త కటువు ఉందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాం. ఎండ కాస్తోంది, సముద్రం పరవాలేదనిపిస్తోంది, డబ్బు ముందే ఇచ్చేశాం.

ఆయన వాదించలేదు. "మిగిలిన డబ్బు ఇచ్చేస్తాను మేష్టారూ. పోటు ఉండగానే రేవులోకి పోవాల" అన్నాడు. లంగరు ఎత్తేశాడు.

రేవు చేరి, గట్టు మీద కూర్చుని ఇడ్లీలు తింటూ ఉన్నాం. పదకొండున్నర దాటింది. పొద్దున చూపించిన తడి గీత నీళ్ళలో మునిగి ఉంది. కాసేపటికి నీరు వెనక్కి తిరిగింది. ఆ మధ్యాహ్నం వచ్చిన బోటొకటి నిలువునా తడిసి ఉంది. అందులోని మనుషుల ముఖాలు పాలిపోయి ఉన్నాయి. రేవు ముఖం దగ్గర అలలు బాగా లేచాయని వాళ్ళే చెప్పారు.

కారణం ఇది. పోటు ఉన్నంతసేపు నీరు లోపలికి వస్తుంది, గాలీ అటే తోస్తుంది. రెండూ ఒకే దిక్కు కాబట్టి అలలు సాగినట్టు ఉంటాయి. ఆటు మొదలైతే నీరు బయటకు పరుగెత్తుతుంది, గాలి ఎదురు తోస్తుంది. అప్పుడు అలలు దగ్గరదగ్గరగా, నిటారుగా లేస్తాయి. గాలి అంతే ఉన్నా సముద్రం మాత్రం మారిపోతుంది. చిన్న బోటుకు అది ప్రమాదం.

ఆయన లెక్కపెట్టి డబ్బు తిరిగి ఇవ్వబోయాడు. మేం తీసుకోలేదు. "క్షమించండి బాబాయ్" అన్నాం. "సదువుకున్నోళ్ళు, తెలీక అడిగారు. తెలిసీ అడిగితే తప్పు" అన్నాడు.

మర్నాడు ఏడో తరగతికి వెళ్ళగానే, "ఆటు, పోటు రెండూ చూశాం" అని చెప్పాం. ఆ అమ్మాయి చెయ్యెత్తి, "మమ్మల్ని ఎందుకు తీసుకెళ్ళలేదు సార్?" అంది. దానికీ మా దగ్గర జవాబు లేదు. ఆ శనివారం వారి తల్లిదండ్రులతో కలిసి పిల్లలను రేవు గట్టు దాకా తీసుకెళ్ళాం. తడి గీతను అందరూ ముట్టుకుని చూశారు.

తెలుసుకుందాం

• ఒకే చేపను తెలుగులో వంజరం, తమిళంలో వంజిరం, హిందీ, మరాఠీలలో సుర్మయి, మలయాళంలో నెయ్‌మీన్ అంటారు. ఊరు మారితే పేరు మారుతుంది, చేప మారదు.

• సముద్రపు అలలు, గాలులు ఎలా ఉంటాయో, చేపలు ఎక్కడ దొరికే అవకాశం ఉందో మత్స్యకారులకు ముందుగా తెలిపే జాతీయ సంస్థ ఇన్‌కాయిస్. అది ఉన్నది సముద్రమే లేని హైదరాబాదులో! ఉపగ్రహాలు కొలిచిన నీటి వేడిని, నీటి రంగును బట్టి చేపల తావులు అంచనా వేస్తారు.

• అండమాన్‌లోని మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కు 1983లో ఏర్పడింది. అలాంటి రక్షిత ప్రాంతాల్లో గాలం వేయకూడదు. బోటు ఎక్కే ముందు లైసెన్సు, అనుమతి ఉన్నాయేమో పెద్దలు అడిగి తెలుసుకోవాలి.

• సముద్రంలో ఆపద వస్తే కోస్ట్ గార్డును పిలిచే నంబరు 1554.

పదాలు – అర్థాలు

పోటు: సముద్రపు నీరు పెరగడం
ఆటు: ఆ నీరు తగ్గడం
లంగరు: బోటు కదలకుండా నీటి అడుగున పట్టి ఉంచే బరువైన ఇనుప కొక్కెం
ఎర: చేపను రప్పించడానికి గాలానికి గుచ్చేది
ఒగ్గు: వదులు (ఉత్తరాంధ్ర మాట)
జానెడు: చాచిన బొటనవేలి కొన నుంచి చిటికెన వేలి కొన దాకా ఉన్న పొడవు

ఆలోచించండి – చేయండి

1. ఈ రోజు పొద్దున 9 గంటలకు పోటు నిండితే, రేపు పొద్దున ఎన్ని గంటలకు నిండుతుంది? వారం తరవాత?

2. పాప చేపను వదిలేయడానికి ఒప్పుకుంది. ఆమె స్థానంలో మీరుంటే ఏం చేసేవారు? ఐదు వాక్యాలు రాయండి.

3. బోటు నడిపే ఆయన డబ్బు తిరిగి ఇస్తానన్నాడు కానీ ఆగలేదు. అలా నిర్ణయం తీసుకున్నవారిని మీ ఇంట్లోగానీ, మీ అమ్మానాన్నల ఉద్యోగంలోగానీ చూశారా? అడిగి రాయండి.

4. మీరు ఇప్పుడున్న ఊళ్ళో తెలుగు మాట్లాడుతూ చేతిపని చేసే ఒకరిని పెద్దలతో కలిసి వెళ్ళి పలకరించండి. వారి పనిలో వాడే మాటలు పది రాసుకుని తరగతికి తీసుకురండి. వాటిలో మాకు తెలియనివి ఉంటే మీరే మాకు నేర్పండి.